రెండాకుల బడి మాస్టారు

మస్తానయ్య మాస్టారు ఇక లేరన్న వార్త నాకు బజారు మధ్యలో, నడినెత్తిన ఎండ కాస్తుండగా అందింది. చెప్పినవాడు మా బడి బంట్రోతు. నేను వినలేదనుకున్నాడో ఏమో, మళ్లీ చెప్పాడు. నేను మొదటిసారే విన్నాను. విని, "నిన్న సాయంత్రం నాతో మాట్లాడారే" అన్నాను. ఎంత పిచ్చి మాట! నిన్న మాట్లాడినవారు ఇవాళ పోరని ఏ శాస్త్రం చెప్పింది? జననమరణాల అనివార్యత గురించి ఏటేటా పిల్లలకు పద్యాలు వల్లెవేయించే తెలుగు పండితుణ్ణి. ఆ పద్యాల్లో ఒక్కటీ ఆ క్షణంలో నాకు అక్కరకు రాలేదు.

వారి ఇంటికి వెళ్లేసరికి అరుగు నిండా జనం. అరుగు అంచున వరసగా పెట్టిన కుండపెంకుల్లో మట్టి ఇంకా తడిగానే ఉంది. పొద్దున్నే వాటికి నీళ్లు పోసి, గోడకు ఆనుకుని కూర్చుని, భార్య హుసేనమ్మ గారిని మంచినీళ్లు అడిగారట. ఆమె చెంబుతో వచ్చేలోపు వెళ్లిపోయారు. ఆ పెంకుల్లో ఏముందో తెలియనివారికి అవి పారేయాల్సిన చెత్త. తెలిసిన మాకు అది ఒక పాఠశాల. ఆ పాఠశాల కథ చెప్పడమే నేను ఆ మహనీయునికి ఇవ్వగల తిలోదకం. తిలోదకం మా ఆచారం, వారిది కాదు. అయినా ఈ మాట విని ఉంటే, "నువ్వులు వదులుతారా శాస్త్రి గారూ? మంచి గింజేనా? మొలుస్తుందా?" అని అడిగి ఉండేవారు.

ఆయన వినుకొండ వైపు మనిషి. దూదేకుల కుటుంబం. తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఏకేటప్పుడు దూదిలోంచి రాలిపడే పత్తిగింజలు, పల్లేరుకాయలు, పేరు తెలియని చిన్న చిన్న విత్తనాలు ఏరుకుని, ఏ ఊళ్లో పని ఉంటే ఆ ఊళ్లో గోడ పక్కన పాతిపెట్టడం బాల్యంలో వారి ఆట. "మొలిచేలోపు మేము ఇంకో ఊరు వెళ్లిపోయేవాళ్లం. ఏం మొలిచిందో ఒక్కటీ చూడలేదండీ. ఆ ఆరాటం ఇప్పటికీ తీరలేదు" అనేవారు. వారి జీవితానికి ఇంతకంటే సంక్షిప్తమైన పీఠిక నేను రాయలేను.

ప్రత్తిపాడుకు పడమరగా బండిదారిన పోతే వచ్చే మా ఊరి హైస్కూలుకు యాభైల చివర్లో సైన్సు మాస్టారుగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. చొక్కా జేబులో కలం పెట్టుకునే చోట ఎప్పుడూ ఏదో ఒక పుల్లో, ఎండుకాయో. నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగిపోయి నేల చూసేవారు. వెనక వచ్చేవాళ్లు వారిని ఢీకొట్టడం మా బడిలో పరిపాటి. ఏదైనా అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: "తెలియదండీ." ఆ మాట మనలాగా నీరసంగా అనేవారు కాదు. పండగ రోజు పిల్లవాడు కొత్త చొక్కా చూపించినట్టు అనేవారు. "తెలియదు అనడానికి సిగ్గెందుకు? తెలిసినచోట ఇక పనేముంది, లేచి వెళ్లిపోవడమేగా" అన్నది వారి నోట పదే పదే విన్న మాట.

ఇక దొంక సంగతి చెప్పాలి. పొలాల మధ్య బండ్లు నడిచే దారిని మా వైపు దొంక అంటారు. రెండు పక్కలా ఎత్తయిన గట్లు, గట్ల మీద బలుసు, పరికి, వాక్కాయ, రేగు, వాటి మీద అల్లుకున్న నానారకాల తీగలు. మాది నల్లరేగడి. వాన పడితే బంక, ఎండ కాస్తే బీటలు. ఆ ముళ్లపొదల వేళ్లే ఆ మట్టిని పట్టుకుని ఉండేవి. సాగరు నీళ్లు ఇవాళో రేపో వస్తాయన్న కబురు వ్యాపించిన రోజుల్లో భూమికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఈ పక్క రైతు ఒక సాలు పత్తి కోసం పొద కొట్టాడు. ఆ పక్క రైతు తానేం తక్కువ తిన్నానా అని ఇంకో సాలు కొట్టాడు. చూస్తుండగానే మా ఊరి నుంచి వాగు అవతలి పల్లెకు పోయే దొంక బోడిగుండయింది. తర్వాతి వానలకు గట్లు జారి దారిలో పడ్డాయి. దొంక కాస్తా కాలువయింది. వానాకాలం వచ్చిందంటే బండ్లు ఇరుసుల దాకా దిగబడేవి, పల్లె పిల్లలు బడికి వచ్చేవాళ్లు కాదు. ఖాళీ బెంచీలు చూసి మేమంతా హాజరు పట్టీలో గైర్హాజరు రాసుకుంటుంటే, మస్తానయ్య మాస్టారు మాత్రం ఆ బెంచీలు ఎందుకు ఖాళీగా ఉన్నాయో తెలుసుకుందామని మోకాళ్ల లోతు బురదలో పల్లె దాకా నడిచి వెళ్లారు.

అప్పటి పంచాయతీ ప్రెసిడెంటు కోటయ్య గారు. ఇప్పటికీ ఆయనే. మిరపలో ఆరితేరిన రైతు, మాట కరుకు, మనసు మంచిది. గట్ల మీద సర్కారు తుమ్మ గింజలు చల్లిస్తే గొడవ వదులుతుందని ఆయన అభిప్రాయం. "ఎక్కడేసినా వస్తది. నీళ్లొద్దు, కాపలా వద్దు. కట్టెలకు కట్టెలు" అన్నారు.

"వస్తుందండీ. రావడమే గానీ పోవడం దానికి తెలియదు" అన్నారు మాస్టారు. "దొంక మీద ముందు ఏమున్నాయో అవే మళ్లీ రప్పిద్దాం. నాకు కొంచెం వ్యవధి ఇప్పించండి."

"ఎవురు తెస్తారయ్యా బలుసు మొక్కలు? నర్సరీలో అమ్ముతారా?"

"ఎవరు తెస్తారో తెలియదండీ. ముందు ఎవరు తెచ్చారో కనుక్కుంటాను."

కోటయ్య గారు నవ్వి, రెండు వానాకాలాలు గడువిచ్చారు. ఆలోగా గట్టు పచ్చబడి మట్టి నిలవకపోతే తుమ్మ గింజలే అన్నారు.

ఆ ఏడు వనమహోత్సవం నాడు పెద్దలందరూ బడి ఆవరణలో మామిడి, వేప మొక్కలు నాటి ఫొటోలు దిగుతుంటే, మాస్టారు పిల్లలనూ, ఊళ్లో ఖాళీగా ఉన్న పెద్దవాళ్లనూ వెంటేసుకుని దొంక గట్టు మీద ఎండుకొమ్మలు నాటారు. అవును, ఎండుకొమ్మలే. ఆకు లేదు, వేరు లేదు. ఊరంతా విరగబడి నవ్వింది. "సాయిబు మాస్టారికి ఎండదెబ్బ తగిలింది" అన్నారు. నేనూ ఊరుకోలేదు. "శుష్కకాష్ఠానికి దోహదక్రియ చేస్తున్నారా మాస్టారూ? ఎండుకట్టెను పూయిస్తారా?" అన్నాను.

"ఇది మొలవదు లెండి. దీని మీద వాలేవాళ్ల కోసం" అన్నారు.

వాలాయి. గోరింకలు, పిగిలి పిట్టలు, కాకులు. బోడిగట్టు మీద నిలబడటానికి చోటు దొరకని పక్షులకు ఆ కొమ్మలు ఆసనాలయ్యాయి. ఎక్కడో తిన్న పండ్ల గింజలను అక్కడ వదిలాయి. మరుసటి వానాకాలం తొలి జల్లులకే ఒక్కొక్క కొమ్మ మొదట్లో గుంపులు గుంపులుగా మొలకలు లేచాయి. గట్టు పొడవునా ఆకుపచ్చ చుక్కలు. మాస్టారు బడి గంట కొట్టకముందే నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి చూపించారు. "వీటిని ముందు ఎవరు తెచ్చారో తేలింది శాస్త్రి గారూ" అన్నారు. వారి కళ్లల్లో నీళ్లు తిరగడం ఆ రోజే చూశాను.

ఆ రోజుల్లోనే నాకూ ఒక పాఠం జరిగింది. కావ్యాల్లో సింధువారపుష్పాల వర్ణన వస్తే నేను తరగతిలో గొంతెత్తి చెప్పేవాణ్ణి. అది ఎలా ఉంటుందండీ అని మాస్టారు అడిగారు. ఏదో దివ్యవృక్షం అని దాటవేశాను. ఆయన వదల్లేదు. ఎవరెవరినో అడిగి, నిఘంటువులు తిరగేయించి, చివరికి నన్ను మా గొడ్లచావిడి వెనక్కి తీసుకెళ్లి వావిలి పొద ముందు నిలబెట్టారు. మా అమ్మ బాలింతలకు వేడినీళ్లలో వేసే ఆకు అది. దివ్యవృక్షానికి మా ఎనుము వీపు గోక్కుంటోంది. నేను కోపగించుకోవాలా నవ్వాలా తేల్చుకోలేకపోతుంటే, ఆయన మాత్రం ఎగతాళి లేకుండా, "చూశారా, కావ్యాలన్నీ మీ పెరట్లోనే ఉన్నాయి. ఇంకా ఏమేం ఉన్నాయో వెతుకుదామా?" అన్నారు. ఆనాటి నుంచి నేను వారి వెంట తిరగడం మొదలుపెట్టాను.

తరువాత జరిగింది మా మిరపసీమ మనుషులు తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయలేని పొరపాటు.

మా ఊళ్లో కలుపు ముఠాకు పెద్ద ఆదెమ్మ. ఆమె, ఆమెతో పాటు పదిమంది ఆడవాళ్లు దిగారంటే మిరపచేలో మిరపమొక్క తప్ప గడ్డిపోచ మిగలదు. వాగు అవతలి పల్లె వాళ్లే వాళ్లు. దొంక బాగుపడితే వాళ్ల పిల్లలే బడికి వస్తారు. మాస్టారు చేస్తున్న పనికి తామూ ఏదైనా చేయాలనుకున్నారు. శ్రావణమాసంలో ఒక రోజు కూలి మానుకుని, ఎవరూ అడగకుండానే, పొద్దున్నే కొడవళ్లతో దొంక మీదికి వచ్చారు. ఎండుకొమ్మలను భద్రంగా వదిలేసి, వాటి మొదళ్లలో లేచిన "కలుపు" అంతా పసుపు రాసిన గడపంత నున్నగా చెక్కేశారు. చెక్కి, కొమ్మలకు చెంబులతో నీళ్లు కూడా పోశారు.

మేము వెళ్లేసరికి గట్టు మళ్లీ బోడిగా మెరుస్తోంది. ఆదెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "చూడండి మేస్టారూ, ఒక్క పరక లేదు. మీ కొమ్మలు ఇంక హాయిగా పెరుగుతయి" అంది.

రెండు వానల శ్రమ కుప్పలుగా గట్టు కింద వాడిపోతోంది. నాలాంటివాడైతే ఆ రోజు ఏదో ఒకటి అనేసి ఉండేవాడు. మాస్టారు వెళ్లి ఒక కుప్ప పక్కన నేల మీద చతికిలబడ్డారు.

"ఆదెమ్మా, ఇట్రా. ఇది ఏందో చెప్పు" అని ఒక మొలక పైకెత్తారు.

"కలుపండీ."

"కలుపు సరే. దాని పేరేంది?"

"పేరెవరికి తెలుసు? రెండాకులప్పుడే పీకేస్తాం గదా. పెద్దయితే గదా పేరు."

మాస్టారు తల ఎత్తారు. నేను పక్కనే ఉన్నాను గనుక ఆ మొహం చూశాను. దుఃఖం ఉన్నచోట కుతూహలం వచ్చి కూర్చుంది. "అంటే మొలకగా చూసినవాళ్లు చెట్టుగా చూడలేదు, చెట్టుగా చూసినవాళ్లు మొలకగా చూడలేదు. అంతేనా?" అన్నారు. "నేనూ చూడలేదు. శాస్త్రి గారూ, మీరు చూశారా?" లేదన్నాను. అప్పటికి ఆదెమ్మకు తాను పీకినదేమిటో అర్థమై, గుండె బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. "ఏడవబాక తల్లీ, తప్పు నీది కాదు, మనందరి అజ్ఞానానిది" అని ఆమెను ఊరడించి, ఇంకా ప్రాణమున్న మొలకలను మట్టిబెడ్డలతో సహా ఏరించి, పగిలిన కుండల పెంకుల్లో పెట్టించి బడికి మోయించారు.

అలా పుట్టింది రెండాకుల బడి. ప్రతి ఆదివారం మా హైస్కూలు వరండాలో జరిగేది. వయసు, కులం, చదువు అడిగేవారు కాదు. ఫీజు ఒక్కటే: ఎవరైనా ఒక మొలక తేవాలి, దాన్ని ఏమనుకుంటున్నారో నలుగురి ముందు చెప్పాలి. తంగేడు రెండాకులు మందంగా, గుండ్రంగా ఉంటాయని అక్కడే నేర్చుకున్నాం. ఒక్కటే కఠిన నియమం. మొక్క అసలు పోలిక మూడో ఆకుతోగాని బయటపడదు గనుక, అది తేలేదాకా పీకకూడదు. "మూడో ఆకు దాకా ఆగు" అన్న మాట మా ఊళ్లో ఆ తర్వాత సామెత అయి కూర్చుంది. ఇప్పుడు పెళ్లి సంబంధాల దగ్గర కూడా వాడుతున్నారు.

ఇంకొక నియమం సరదా నియమం. మాస్టారికే తెలియని మొలక తెచ్చినవారికి వారి ఇంట్లో టీ దొరికేది. తెలిసినది తెచ్చినవారికి నమస్కారమే. హుసేనమ్మ గారి టీలో అల్లం, యాలకులు దంచి వేసేవారు. ఆ టీ కోసం జనం పొలాలు, వాగులు గాలించారు. నేను కూడా ఒకనాడు కోనేటి మెట్ల సందులోంచి ఏదో పెకలించుకొచ్చి ఆ గౌరవం పొందాను. ఆ సంగతి ఇంట్లో తెలిసి కొన్నాళ్లు నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు. టీ మాత్రం బాగుంది.

ఇంతలో కోటయ్య గారి గడువు మీదికి వచ్చింది. గట్టు బోడిగా ఉన్న మాట ఆయన చెవిన పడింది. ఒక ఆదివారం రెండాకుల బడి జరుగుతుండగా వచ్చి, "తుమ్మ గింజల బస్తా వచ్చింది మాస్టారూ. రేపు చల్లిస్తన్నా. మీరు చేయగలిగింది చేశారు, ఇంక బాధపడబాకండి" అన్నారు. ఆయన వెళ్లబోతూ, దొంక నుంచి తెచ్చిన ఒక పెంకు వైపు చూసి ఆగారు. "ఇదేంది, మిరప నారు గూడా పోశారే?"

"మిరపేనంటారా?" అన్నారు మాస్టారు.

"పుట్టి బుద్ధెరిగినకాడ్నుంచీ మిరప నారు పోస్తన్నా. నన్నడుగుతున్నారా?"

ఆదెమ్మను అడిగారు. "మిరపే" అంది. అందరూ మిరపే అన్నారు. కోసుగా ఉన్న ఆ రెండాకులు చూస్తే నాకూ మిరపలాగే ఉంది.

"నాకు తెలియదండీ" అన్నారు మాస్టారు. "మూడో ఆకు రానిద్దాం. మిరపే అయితే తుమ్మ గింజలు నేనే వచ్చి చల్లుతాను. కాకపోతే ఇంకో వానాకాలం ఆగండి. సమ్మతమేనా?"

మిరప విషయంలో పందెం కాస్తే గుంటూరు జిల్లా రైతు వెనక్కి పోతాడా? కోటయ్య గారు మీసం దువ్వి సరేనన్నారు.

ఆయన వెళ్లాక మాస్టారిని పక్కకు పిలిచి, అది మిరప కాదని మీకు తెలుసు గదా అని అడిగాను. "తెలిస్తే పందెం కాయకూడదు శాస్త్రి గారూ, మోసమవుతుంది" అన్నారు. మరి ఓడిపోతే అన్నాను. "దొంక పోతుంది. కాయకపోయినా రేపే పోయేది గదా. మూడో ఆకు వచ్చేదాకా నాలుగు రోజులు దక్కాయి. ఆ నాలుగు రోజుల్లో ఏమవుతుందో ఎవరు చూశారు?"

అయింది. మర్నాడే ముసురు పట్టింది. కొడవలి చాలాచోట్ల పైపైనే చెక్కింది గాని వేళ్లను తీయలేదు. బలుసు, రేగు మళ్లీ చిగిర్చాయి. పక్షులు తమ పని తాము ఆపలేదు. కొమ్మల మొదళ్లలో కొత్త మొలకలు బారులు తీరాయి. ఈసారి ఆదెమ్మ ముఠా వంతులవారీగా కాపలా కాసింది. మేకలను తోలింది, మనుషులను కూడా తోలింది. వరండాలోని పెంకులో మూడో ఆకు వచ్చింది, తేలలేదు. నాలుగోదీ వచ్చింది. అప్పుడు కోటయ్య గారే ఒక ఆకు కొస తుంచి, నలిపి, వాసన చూశారు. మరొకసారి చూశారు.

"ఉమ్మెత్త" అన్నారు. "మిరపకు ఈ కంపు ఉండదు. మాస్టారూ, ఓడాను." అబద్ధమాడినా కాదనేవాడు లేడు. ఆయన ఆడలేదు. తుమ్మ గింజల బస్తా తీసుకెళ్లి పొయ్యిలో పోయించారు. అందుకే ఆయన మనసు మంచిదని ముందే రాశాను.

"ఉమ్మెత్తా మిరపా ఒక్క ఇంటివాళ్లేనండీ. చిన్నప్పుడు అన్నదమ్ముల పోలిక ఉంటుంది మరి" అంటూ మాస్టారు ఆయన భుజం తట్టారు.

ఇవాళ ఆ దొంకలో నడిచేవారికి ఇదంతా కట్టుకథలా తోస్తుంది. గట్లు నిలబడ్డాయి. వానాకాలంలోనూ బండ్లు కదులుతున్నాయి. పల్లె పిల్లలు వాక్కాయలు నోట్లో వేసుకుని, పుల్లటి మొహాలతో బడికి వస్తున్నారు. వాక్కాయను సంస్కృతంలో కరమర్దం అంటారని నేను చెబితే ఒక పిల్లవాడు, "ఏమన్నా పులుపు తగ్గుద్దా అండీ?" అని అడిగాడు. కౌజుపిట్టల అరుపు మళ్లీ వినిపిస్తోంది. బతికుంటే బలుసాకు తినొచ్చని అందరం అంటాం. మస్తానయ్య మాస్టారు లేకపోతే మా ఊరివాళ్లకు ఆ బలుసాకు కూడా దొరికేది కాదు. పక్క ఊళ్ల నుంచి మనుషులు వచ్చి ఆదివారాలు వరండాలో కూర్చున్నారు. తమ దొంకలకు ఎండుకొమ్మలు మోసుకుపోయారు.

ఒక్క చోట మాత్రం వారి పాచిక పారలేదు. దొంక వాగులో దిగే మొగ. అక్కడ వరద ఏటా మట్టిని ఊడ్చుకుపోతుంది. ఏది మొలిచినా నిలిచేది కాదు. మొగ నిలవకపోతే పెద్ద వరద ఏదో ఒకనాడు వెనక్కి కోసుకుంటూ దొంకంతా తినేస్తుందని వారికి దిగులు. ఈ వేసవిలో వాగు అడుగు నుంచి రాళ్లు మోయించి, వాటి మధ్య ఒండ్రు నింపి, మళ్లీ కొమ్మలు పాతారు. వారు పోయే ముందునాటి సాయంత్రం నాతో మాట్లాడింది దాని గురించే.

"ఈ ఒండ్రు ఎక్కడెక్కడి నుంచో కొట్టుకొచ్చింది శాస్త్రి గారూ. ఏయే ఊళ్ల గింజలు ఉన్నాయో దాంట్లో. వాన పడితే ఏం లేస్తుందో చూడాలి" అన్నారు. వెళ్లబోతూ మళ్లీ ఆగి, "చూడాలండీ" అన్నారు.

చిన్నప్పుడు ఊళ్లు మారుతూ పాతిపెట్టిన గింజల్లో ఒక్కటీ మొలవడం చూడని మనిషి. ఈ ఒక్కటైనా చూడనీయకుండా తీసుకుపోయిన విధి మీద నాకు కోపంగా ఉంది. పండితుణ్ణి, కర్మసిద్ధాంతం తెలిసినవాణ్ణి, అయినా కోపంగానే ఉంది.

వారి నలభయ్యో రోజు ఫాతిహాకు ఊరంతా కదిలింది. అంతకు పది రోజుల ముందే తొలివాన కురిసింది. ప్రార్థన అయ్యాక ఎవరూ ఎవరినీ పిలవలేదు గాని, అందరి కాళ్లూ వాగు వైపే నడిచాయి. మొగ దగ్గర ఒండ్రు కదల్లేదు. కొమ్మల కింద మొలకలు లేచాయి. ఆదెమ్మ ముందు వంగింది. ఇది బలుసు, ఇది రేగు, ఇది తంగేడు అంటూ పోయింది. రాళ్ల సందున ఒక చోట ఆగింది. అక్కడ అయిదారు మొలకలు. ఆకులు పొడుగూ కాదు గుండ్రనా కాదు, కింద లేత ఊదారంగు. ఆదెమ్మ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. కోటయ్య గారు చూశారు. నేను చూశాను. పక్క ఊరి రైతులు చూశారు.

"ఏ పాడు మొక్కో ఏమో. తుమ్మలాంటిదైతే కొంప ముంచుద్ది. పీకేద్దామా?" అన్నారెవరో వెనక నుంచి.

"చెయ్యి పెట్టబాకండి" అన్నారు కోటయ్య గారు.

"మూడో ఆకు రానీయండయ్యా" అంది ఆదెమ్మ. మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తెలియదు అని సంతోషంగా అనగలిగినవారు మాలో ఎవరూ లేరు. ఆ లోటు ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది.

ఒక్క మొలకను మట్టిబెడ్డతో తీసి పెంకులో పెట్టుకుని మాస్టారి ఇంటికి తెచ్చాం. ఎందుకు తెచ్చామంటే చెప్పలేను. ఏళ్ల అలవాటు. హుసేనమ్మ గారు వారి ఆచారం ప్రకారం బయటికి రాకూడని రోజులు అవి. తలుపు చాటు నుంచే, "ఏంటన్నా అది?" అని అడిగారు.

"తెలియదమ్మా" అన్నాను.

"ఆదెమ్మకు?"

"తెలియదమ్మా."

"ఎవరికీ తెలియదా?"

"ఎవరికీ తెలియదు."

లోపల అల్లం దంచుతున్న చప్పుడు వినిపించింది. "అందరూ అరుగు మీద కూర్చోండన్నా. టీ పెడతన్నా" అన్నారు.

కూర్చున్నాం. గ్లాసులు వచ్చాయి. నేను, కోటయ్య గారు, ఆదెమ్మ, ఒకే అరుగు మీద కూర్చుని తాగాం. గోడకు ఆనుకుని వారు కూర్చునే చోటు మాత్రం ఎవరూ ఆక్రమించలేదు. నేను ఏడ్చాను. దాచుకోవలసిన అవసరం కనిపించలేదు.

మహాత్మా, మీకు అంజలి ఘటించడానికి నా దగ్గరున్న సమాసాలన్నీ వెతికాను. ఒక్కటీ మీకు సరిపోలేదు. అందుకే, మీరు అడిగేదే చెబుతున్నాను. మొగ దగ్గర ఒండ్రు నిలిచింది. మొలకలు బాగున్నాయి. అరుగు మీద పెంకుకు పొద్దున్నే నేనే నీళ్లు పోశాను. ఈ పూటకి మూడో ఆకు ఇంకా రాలేదు.